90 వాట్స్ అడిగే ముందు లైటు ఎటు చూస్తుందో చూడు

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హన్మకొండలో మీ కాలనీ రోడ్డు 30 అడుగులది, ఒక్క వైపే 8 కరెంటు స్తంభాలు, దాదాపు 30 మీటర్లకొకటి, ఒక్కోదానికి 45 వాట్స్ ఎల్ఈడీ. స్తంభం కింద పగటిలా ఉంటోంది, మధ్యలో నల్లకుక్క పడుకుంటే బండి ఎక్కేదాకా కనిపించట్లేదు. మూడో స్తంభం లైటు ఎదురింటి పైఅంతస్తు కిటికీలోకి కొడుతోంది, ఆ ఇంటి పెద్దమ్మకు నిద్ర లేదు. 90 వాట్స్‌వి కావాలని అర్జీ పెట్టాలా, లేక లైట్లు బిగించిన మనిషి అన్నట్టు "రిఫ్లెక్టర్ సర్దితే అయిపోతది" అనేది నిజమేనా అని అడిగావు.

అర్జీ ఇప్పుడే పెట్టకు. ఆ మనిషి చెప్పింది సగం నిజం. మీ లైటులో సర్దడానికి అసలు రిఫ్లెక్టరే లేదు, కానీ సర్దాల్సింది మాత్రం చాలా ఉంది.

ముందు వాట్స్ సంగతి తేల్చేద్దాం. మీ స్తంభం 8 మీటర్లదే అయినా, దాన్లో మీటరున్నర దాకా భూమిలో ఉంటుంది, పైన వైర్లకు కింద లైటు కట్టాలి, అంటే లైటు నేల నుంచి 6 మీటర్ల ఎత్తులో ఉందనుకో. రెండు స్తంభాల నడిమధ్య అంటే 15 మీటర్ల దూరం. లైటు కిందికీ పక్కకూ ఒకే తీవ్రతతో వెలుతురు పంపితే, స్తంభం మొదట్లో 20 పాళ్లు పడినప్పుడు ఆ నడిమధ్యన 1 పాలు పడుతుంది. దూరం పెరిగిన కొద్దీ పలచబడటం ఒకటి, ఏటవాలుగా పడి ఎక్కువ నేల మీద పరుచుకోవడం ఇంకొకటి. అవతలి స్తంభం నుంచి వచ్చేదీ కలుపుకుంటే 2 పాళ్లు, అంటే పదో వంతు. ఇప్పుడు 45 తీసి 90 పెట్టావనుకో, 20 కాస్తా 40 అవుతుంది, 2 కాస్తా 4 అవుతుంది. తేడా అట్లనే ఉంటుంది. పైగా మన కన్ను ఎప్పుడూ ఎక్కువ వెలుతురుకే అలవాటు పడుతుంది, అందుకని ఆ 4 కూడా చీకటిలాగే కనిపిస్తుంది, కరెంటు బిల్లు మాత్రం రెండింతలు. అదే లైటు 9 మీటర్ల ఎత్తులో ఉంటే ఇరవయ్యో వంతు పడే చోట ఏడో వంతు పడేది, స్తంభం ఎత్తుకు అంత విలువ ఉంది. కానీ మీవి కరెంటు లాగడానికి పాతిన స్తంభాలు, లైట్ల కోసం పాతినవి కావు, మన ఊళ్లలో సగం బాధ అక్కడే మొదలవుతుంది.

మంచి వీధి లైటు చేసేది ఈ లెక్కను తిరగేయడమే. తన కిందికి తక్కువ పంపి, రోడ్డు పొడవునా రెండు వైపులకు, నిట్టనిలువు గీత నుంచి కొలిస్తే 60-65 డిగ్రీల కోణంలో ఎక్కువ పంపుతుంది. పాత సోడియం లైట్లలో ఈ పని వంపు తిరిగిన అల్యూమినియం రిఫ్లెక్టర్ చేసేది. మీ ఎల్ఈడీలో ప్రతి చిప్పు మీద చిన్న లెన్స్ ఉంటుంది, వేరుశనగ గింజను నిలువుగా చీల్చినట్టు ఉంటుంది చూడు, ఆ పని అదే చేస్తుంది. ఆ లెన్స్ రేకు మొత్తంగా మార్చొచ్చు కానీ సోడియం రోజుల్లో లాగా ముందుకు వెనక్కు జరపలేం. కాబట్టి మీ చేతిలో ఉన్నవి మూడు: లైటు వంపు, లైటు తిరిగి ఉన్న దిక్కు, స్తంభం నుంచి అది ఎంత ముందుకు వచ్చింది అనేది.

మూడో స్తంభంతో మొదలుపెడదాం, నా అంచనా మీ ఎనిమిదింటికీ కొద్దో గొప్పో అదే జబ్బు ఉంటుంది. పాత పైపు బ్రాకెట్లు ట్యూబులైట్ల కాలంలో 15 డిగ్రీలు పైకి ఎత్తి వంచినవి. కొత్త ఎల్ఈడీని అదే పైపుకు తగిలించి రెండు బోల్టులు బిగించి వెళ్లిపోతారు. లైటు ముక్కు పైకి లేచి ఉంటుంది. సమంగా ఉంటే ముందుకు 65 డిగ్రీల దాకా వెళ్లాల్సిన వెలుతురు, ముక్కు లేచినందుకు 80 డిగ్రీలకు పోతుంది. లెక్క నువ్వే చూడు: ఎదురిల్లు 10 మీటర్ల దూరం, పైఅంతస్తు కిటికీ 4 మీటర్ల ఎత్తు, లైటు 6 మీటర్లు. లైటు నుంచి ఆ కిటికీకి గీత గీస్తే సరిగ్గా 79 డిగ్రీలు వస్తుంది. పెద్దమ్మ కంట్లో పడేది అదే. లైటును సమంగా దించితే అదే కిరణం ఎదురింటి గోడను నేల నుంచి మీటరుంపావు ఎత్తులో తాకుతుంది, అంటే గేటు గొళ్లెం దగ్గర. దొంగతనాల భయం ఉన్నవాళ్లకు అదీ మంచిదే.

చాలా ఎల్ఈడీ ఫిటింగులకు పైపు దూరే చోట పళ్లు పళ్లుగా గాడి ఉంటుంది, సాధారణంగా ఒక్కో పన్ను 5 డిగ్రీలు. బోల్టు వదులు చేసి మూడు పళ్లు దించితే పని అయిపోయింది. ఆ గాడి లేని చౌక ఫిటింగ్ అయితే సర్దుబాటు అడాప్టర్ అని విడిగా దొరుకుతుంది, లేదంటే బ్రాకెట్టే మార్చాలి. 5 డిగ్రీలే కదా అనుకోకు. 6 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే స్తంభం కింద ఆ 5 డిగ్రీలకు వెలుతురు అర మీటరే జరుగుతుంది, అవతల 10 మీటర్ల దగ్గర మాత్రం దాదాపు రెండు మీటర్లు జరుగుతుంది. అందుకే పైన లైటు పట్టుకున్నవాడికి ఏమీ మారినట్టు అనిపించదు, కింద నిలబడ్డవాడికి అంతా మారిపోతుంది. సర్దేటప్పుడు ఒకరు తప్పకుండా కింద, అవతలి ఇంటి గేటు దగ్గర నిలబడాలి.

ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. స్తంభమే ఒరిగి ఉంటే బ్రాకెట్ సమంగా ఉన్నట్టు కంటికి కనిపించినా లైటు సమంగా ఉండదు. మీ రోడ్డు పక్క మోరీ కట్టేటప్పుడు తవ్వి ఉంటారు, నల్లరేగడి అయితే స్తంభం మెల్లగా ఒరుగుతుంది. దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి చూడండి, లేదా ఫోన్లో లెవెల్ చూసే యాప్ ఉంటుంది, ఫోన్‌ను లైటు వీపు మీద పెట్టి చూస్తే చాలు. వెలుతురును లక్స్‌లలో కొలిచే యాప్‌ను నేను నమ్మను కానీ ఇది పర్వాలేదు.

రెండోది దిక్కు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం ఎక్కువ ఫిర్యాదులు దీనివల్లే వచ్చాయి. వీధి లైటు వెలుతురు గుండ్రంగా పడదు, రోడ్డు పొడవునా సాగిన సొరకాయలా పడుతుంది. క్లాంపు వదులై గాలివానకు లైటు ఇంత పక్కకు తిరిగిందంటే ఆ సొరకాయ ఒక కొస మోరీలోకి, ఇంకో కొస ఎదురింటి గోడ మీదికి పోతుంది. ఏప్రిల్, మేలో మనకు వచ్చే ఈదురుగాలుల తర్వాత ఒకసారి తలెత్తి చూడు, వరుసలో ఒకటో రెండో మెడ తిప్పుకుని ఉంటాయి. లైటు చెయ్యి రోడ్డుకు సరిగ్గా అడ్డంగా ఉండాలి. రోడ్డు మలుపు తిరిగే చోట ఆ మలుపు గీతకు అడ్డంగా ఉండాలి, పక్క స్తంభం చూసి దాని వరుసలో పెడితే తప్పు.

ఏ లైటు తిరిగిపోయిందో తెలుసుకోవడానికి వెలుతురు కొలిచే మీటరు అక్కర్లేదు. రాత్రి పది దాటాక, ఇళ్ల ముందు బల్బులు ఆర్పేశాక, రెండు స్తంభాల నడిమధ్యన నిలబడు. నీ నీడలు రెండు కనిపించాలి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు, రెండూ ఒకే నలుపులో. ఒక నీడ చిక్కగా ఉండి రెండోది లేకపోతే, ఆ చిక్కటి నీడ ఏ స్తంభం వైపు పడుతోందో ఆ స్తంభం లైటు నీ దాకా రావట్లేదన్నమాట. మీ 8 స్తంభాల మధ్య 7 ఖాళీలు, పావుగంటలో నడిచి రావచ్చు. నేను హెల్పర్‌గా చేరిన కొత్తలో మా మేస్త్రీ నేర్పిన పద్ధతి ఇది, ఆయన దగ్గర మీటరు ఉండేది కాదు, బీడీ వెలిగించుకుని తన నీడలు చూసుకుంటూ నడిచి పోయేవాడు, మేము వెనకాల సుద్దముక్కతో స్తంభాల మీద గుర్తు పెట్టేవాళ్లం.

మూడోది ముందుకు రావడం. పేపర్ మీద 30 అడుగుల రోడ్డే కానీ మీకు సీసీ పోసింది 18 అడుగులకే అని నువ్వు పెట్టిన ఫోటోలో తెలుస్తోంది. ఇది మీకు కలిసొచ్చే విషయం. రోడ్డు వెడల్పు లైటు ఎత్తుకు మించకపోతే ఒక్క వైపు స్తంభాలు చాలు. ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దాకా ఉంటే ఇటొకటి అటొకటి మార్చి మార్చి పెట్టాలి, అంతకు మించితే రెండు వైపులా ఎదురెదురుగా. మీ 18 అడుగులంటే ఐదున్నర మీటర్లు, ఎత్తు 6, సరిపోతుంది. బ్రాకెట్ స్తంభం నుంచి మీటరు, మీటరున్నర ముందుకు ఉంటే చాలు, ఎత్తులో నాలుగో వంతుకు మించి ముందుకు లాగొద్దు. లాగితే స్తంభం వైపు ఇళ్ల గేట్లు చీకట్లో పడతాయి, పైపు గాలికి ఊగుతుంది.

ఇవన్నీ సర్దాక కూడా నడిమధ్యన కొంత తక్కువగానే ఉంటుంది, అది ముందే చెబుతున్నా. స్తంభానికి స్తంభానికి దూరం ఎత్తుకు మూడున్నర, మహా అయితే నాలుగు రెట్లు ఉంటేనే వెలుతురు సమంగా పరుచుకుంటుంది. మీది ఐదు రెట్లు. ఇక్కడ డబ్బు ఎక్కడ పెట్టాలి అంటే, వెలుతురును రోడ్డు పొడవునా దూరం విసిరే లెన్స్ ఉన్న ఫిటింగ్ అడగండి, వాట్స్ అవే ఉండనివ్వండి. లేదంటే మధ్యలో స్తంభాలు వేసి 20-25 వాట్స్‌వి పెట్టించండి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 1944 ప్రకారం రద్దీ తక్కువ ఉండే చిన్న రోడ్లకు సగటున 4 లక్స్, కొంచెం పెద్ద వీధికి 8 లక్స్ చాలు, అతి తక్కువ ఉన్న చోట కూడా ఆ సగటులో 0.3 వంతు ఉండాలి. 4 లక్స్ అంటే చాలా తక్కువ అనిపిస్తుంది, కానీ నిండు పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతు కూడా ఉండదు, ఆ వెన్నెల్లో మనం పొలాల గట్ల మీద నడిచినవాళ్లమే. సమంగా ఉండటం వల్ల అట్లా కనిపిస్తుంది.

పాత సోడియం లైట్లు ఉన్నవాళ్లు కూడా చదువుతారు కాబట్టి వాటి గురించి కొంచెం. 150, 250 వాట్స్ ఫిటింగులు విప్పితే హోల్డర్ ఒక రేకు మీద ఉంటుంది, ఆ రేకుకు పొడవాటి చీలికలు, కొన్నింటికి పక్కన అంకెలు కూడా ఉంటాయి. బల్బును రిఫ్లెక్టర్ లోపలికి లోతుగా పెడితే వెలుతురు దగ్గరకు ముడుచుకుంటుంది, కళ్లల్లో కొట్టదు. నోటి దగ్గరకు తెస్తే విశాలంగా పరుచుకుంటుంది, కానీ దూరం నుంచి వచ్చే బండివాడికి బల్బు నేరుగా కనిపించి కళ్లు చెదురుతాయి. ముందుకు వెనక్కు జరిపితే ఏమవుతుందనేది ఒక్కో కంపెనీ వంపును బట్టి మారుతుంది, డబ్బాలో వచ్చే కాగితం చూడాలి, దాన్ని పారేసి ఉంటే జరిపే ముందు పాత చోట మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. ఒక్క సెంటీమీటరు జరిగినా కింద మీటర్ల లెక్కన మారుతుంది. ఆ ఫిటింగులో బల్బు తీసి మక్కకంకి లాంటి ఎల్ఈడీ బల్బు తిప్పేస్తున్నారు ఈమధ్య, దయచేసి చేయకండి. ఆ వంపు సన్నటి వెలుగు గొట్టం కోసం లెక్కగట్టి చేసింది, దాని స్థానంలో నలువైపులా వెలిగే లావాటి కంకి పెడితే వెలుతురు ఎటు పోవాలో తెలియక అన్ని వైపులా చెదిరిపోతుంది. సోడియం ఫిటింగును కరెంటుతో విప్పొద్దు కూడా, ఇగ్నైటర్ వెలిగించేటప్పుడు వేల వోల్టుల దెబ్బ కొడుతుంది.

రిఫ్లెక్టర్ తోమడం మీద ఒక మాట. మా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు, మహా పనిమంతుడు. ఒకసారి 20 రిఫ్లెక్టర్లు దించి శుభ్రం చేయమంటే, చింతపండు, బూడిద, స్టీలు పీచు పెట్టి ఇత్తడి బిందెలు తోమినట్టు తోమి ఎండలో వరుసగా పెట్టాడు, అద్దాల్లా మెరిశాయి, అందరం మెచ్చుకున్నాం. మూడు నెలలకు బూడిదరంగుకు వచ్చేశాయి. పైన ఉండే కనిపించని పొరను వాడు తోమేశాడు, దాన్ని మళ్లీ తేవడం అయ్యే పని కాదు. 20 రిఫ్లెక్టర్లూ మార్చాల్సి వచ్చింది, ఆ నెల నా జేబు ఖాళీ. సబ్బునీళ్లు, పాత నూలు బట్ట, అంతే. ఎల్ఈడీ లెన్స్‌కు కూడా అదే మాట, గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద ఏడాదిలోనే దానిపై పొర కడుతుంది. తుడిచి చూస్తే కొత్త లైటు వేసినట్టు ఉంటుంది.

కాలనీ మొదట్లో మెయిన్ రోడ్డుకు కలిసే చోటు గురించి అడిగావు. అక్కడ లోపలి రోడ్డు కంటే వెలుతురు ఎక్కువ ఉండాలి, బండ్లు కలిసే చోటు కదా. మనుషులు రోడ్డు దాటే గీతలు ఉంటే లైటు సరిగ్గా వాటి నెత్తిన పెట్టొద్దు. బండి వచ్చే వైపు, గీతలకు కొంచెం ముందు ఉండాలి. అప్పుడు దాటే మనిషికి బండివాడి వైపు ఉన్న పక్క వెలుగుతుంది. వెనక నుంచి వెలిగితే నల్లటి ఆకారం కనిపిస్తుంది, నెత్తి మీద నుంచి వెలిగితే తల, భుజాలు మాత్రమే. హైమాస్ట్, అంటే బాగా ఎత్తైన స్తంభం మీద గుత్తిగా లైట్లు, ఉన్న చౌరస్తాల్లో వేరే రోగం: ఫ్లడ్‌లైట్లు దూరం దాకా పోవాలని పైకి ఎత్తి పెడతారు. నిట్టనిలువు నుంచి 65 డిగ్రీలు దాటితే ఆ వెలుతురు రోడ్డు మీద కంటే కళ్లల్లో ఎక్కువ పడుతుంది, వర్షం పడ్డ రోజు తడి రోడ్డు మీద చూడు, తారు మీద గీతలేవీ కనిపించవు.

మీ కాలనీ పార్కు చిన్నదే కదా అని మీ రోడ్డు మీద తీసేసిన ఫిటింగులు అక్కడ పెట్టాలనుకోకండి, అందరూ చేసే తప్పు అది. భద్రకాళి బండ్ లాంటి నడక దారుల్లో కావాల్సింది నేల కంటే ఎదురుగా వచ్చే మనిషి ముఖం. మూడు నాలుగు మీటర్ల చిన్న స్తంభం, గుండ్రంగా అన్ని వైపులా పడే వెలుతురు, 3000 కెల్విన్ పసుపు రంగు. పైకి, చెట్ల కొమ్మల్లోకి పోకుండా పైన మూత ఉండాలి. తెల్లటి నీలం వెలుతురుకు పురుగులు ఎక్కువ వస్తాయి, వానాకాలం తొలి జల్లులకు ఉసిళ్లు ఎట్లా ముసురుతాయో తెలుసు కదా, పసుపు రంగుకు కొంచెం తక్కువ.

రంగు మాట వచ్చింది కాబట్టి, మిర్చి యార్డు లాంటి చోట సోడియం పసుపు పనికిరాదు. ఆ వెలుతురులో చపాటా మిర్చి ఎరుపూ, తాలు కాయ రంగూ రెండూ మట్టిరంగులోనే కనిపిస్తాయి. ఎనుమాముల లాంటి పెద్ద మార్కెట్లో బస్తాల దొంతర్లు, లారీలు నీడలు పరుస్తాయి, ఒక్క వైపు నుంచి ఎంత పెద్ద లైటు వేసినా లాభం ఉండదు, కనీసం రెండు మూడు వైపుల నుంచి రావాలి. పాత వరంగల్ ఇరుకు గల్లీల్లో మాత్రం అంతా తిరగేసి ఆలోచించాలి: నాలుగైదు మీటర్ల ఎత్తు, తక్కువ వాట్స్, వెలుతురు గల్లీ పొడవునా సన్నగా, స్తంభం వెనక ఇంటి వైపు పోకుండా వెనక కవచం. కవచం అంటే పెద్దగా ఏమీ కాదు, లైటు వెనక అంచున బిగించే రేకు ముక్క.

ఊళ్ల నుంచి అడిగేవాళ్లకు: వరి పొలం అంచున లైటు ఉంటే దాన్ని పొలం వైపు విరగబడి చూడనివ్వకండి. రాత్రి నిడివిని బట్టి పొట్టకొచ్చే రకాలకు రాత్రంతా వెలుతురు పడితే ఈనడం ఆలస్యం అవుతుంది, లైటు చుట్టూ గుండ్రంగా పచ్చగా మిగిలిపోయిన మడి చూసి రైతు ఎరువు ఎక్కువైందనుకుంటాడు. పల్లె ప్రగతి పనుల్లో చాలా ఊళ్లలో వీధి లైట్ల కోసమే విడిగా థర్డ్ వైరు లాగారు కదా, అది ఉన్న చోట పగలు లైట్లు ఆర్పడం సులువైంది, ఇప్పుడు కావాల్సింది మెడలు సరిచేయడం.

సరే, మీ పనికి వస్తా. ఎవరూ స్తంభం ఎక్కొద్దు, అవి మోజుకు ఎక్కే స్తంభాలు కావు, పైన ఉన్నవి తొడుగు లేని తీగలు. లైన్‌మన్ ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసే అనుమతి) తీసుకుని, సరఫరా ఆపి, నిచ్చెన బండి తెచ్చుకుంటేనే పని. మీరు చేయాల్సింది కింద: 8 స్తంభాల నంబర్లు రాసుకోండి, ఒక్కోదాని ఎదురుగా వంపు, దిక్కు, అడ్డం వచ్చే కొమ్మ అని మూడు గళ్లు గీయండి, రాత్రి నీడలు చూసి నింపండి, ఆ కాగితం జత చేసి అర్జీ ఇవ్వండి. "వెలుతురు సరిపోవట్లేదు" అని రాస్తే ఎక్కువ వాట్స్ బల్బు వస్తుంది లేదా ఏమీ రాదు. "మూడో స్తంభం లైటు 15 డిగ్రీలు పైకి ఉంది, సమంగా దించాలి, ఆరోది కుడికి తిరిగింది" అని రాస్తే వచ్చినవాడు ఒక్క పూటలో చేసి పోతాడు, ఎందుకంటే అతనికీ ఆలోచించే పని తప్పుతుంది.

నువ్వు పెట్టిన ఫోటోలో ఐదో స్తంభం దగ్గర వేపచెట్టు లైటు మీదికి వచ్చింది. దాన్ని మొదలంటా కొట్టించకు, లైటు కంటే కింద ఉన్న రెండు కొమ్మలు తీస్తే చాలు, పైవి వెలుతురుకు అడ్డం రావు. అది ఎట్లాగూ కరెంటువాళ్లే కొట్టాలి, లైటు దించే రోజే ఎల్సీలో ఆ పనీ కలుపుకోమని అడుగు.